రైలు చక్రానికి బాపు పెట్టిన రాయి

పుట్టిన ఊరిని చెప్పుల్లా గడప బయట విడిచి రావచ్చని నమ్మిన తెలివితక్కువవాణ్ని నేను. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి బడికి పంతులుగా వచ్చిన నెలలోనే తలరుమాలు తీసేసి, పట్నం పెద్దలు పెట్టే ఎర్ర కుచ్చు రూమీ టోపీ కొన్నాను. ఆ టోపీ నాకు నేనే పెట్టుకున్నానని తర్వాత తెలిసింది.

అప్పట్లో కామారెడ్డిలో పెద్దమనిషి అనిపించుకోవాలంటే సాయంత్రం స్టేషన్లో బల్ల మీద కూర్చోవాలి. పొగాకు సేటు, ఆయన ముగ్గురు దోస్తులు రోజూ అక్కడే. వాళ్లకు దిగే చుట్టం లేడు, వాళ్లు పోయే ఊరూ లేదు. బండి రాగానే లేచి గార్డుకు సలాం చేస్తారు. అది వెళ్లాక, "ఇయ్యాల మన రైలు మంచిగనే వచ్చింది," అనుకుంటూ ఇంటిదారి పడతారు. ఆ "మన"లో చోటు కోసం నా ప్రాణం కొట్టుకుపోయేది.

"ఏ ఊరు సారు మీది?" అన్నాడు సేటు.

"ఇదే," అన్నాను. బల్ల చివర జానెడు జాగా దొరికింది.

వాళ్లకు ఎల్లారెడ్డి వాళ్లంటే వేళాకోళం. "ఆళ్లకు రైలు సూపిస్తే ఇంజనుకు గడ్డేస్తరు," అనేవాడు సేటు. అందరికంటే గట్టిగా నేను నవ్వేవాణ్ని. నవ్వు చాలదేమోనని, "కుడితి గూడ పెడ్తరు," అని చేర్చాను. జానెడు జాగా మూరెడైంది.

ఒకనాడు ఊళ్లో ఉన్న మా నాన్న, బాపు, నాకు కొత్త బియ్యం వేసుకొని ఎడ్లబండి మీద వచ్చాడు. ఇంట్లో లేనని తెలిసి, దారి అడుగుతూ స్టేషనుకే వచ్చాడు. అప్పుడే రైలు ఆగింది. బాపు రైలును చూడటం అదే మొదలు. నడిపే మనిషి ఇంజను దిగి చాయకు పోవడం ఆయన కంటపడింది. బండి విడిచి పోతే చక్రానికి రాయి అడ్డం పెట్టాలన్నది బాపు పుట్టు బుద్ధి. గుమ్మడికాయంత రాయి మోసుకొచ్చి, వంగి, చివరి డబ్బా చక్రం వెనక పెట్టాడు.

గార్డు ఉరికొచ్చాడు. "ఏంది గిది ముసలోడా?"

"ఎనుకకు జారకుంట పెట్టిన. మీరైతే ఇడిసిపెట్టి పోతిరి."

బల్లంతా పగలబడి నవ్వింది. "రాసిస్త, ఈన ఎల్లారెడ్డోడే," అన్నాడు సేటు. నేను టోపీని ముక్కుదాకా దించుకున్నాను.

బాపు మాత్రం టోపీ కింద ఉన్నది ఎవరో పోల్చుకున్నాడు. "అగో, మా పోరడు ఆడనే ఉన్నడు. కొడుకా, గీ సారుకు జర నువ్వన్న చెప్పు."

మర్నాటి నుంచి నా మూరెడు జాగాలో సేటు తువ్వాల పరుచుకొని కూర్చుంది. నన్ను చూస్తే, "రాయి సారు వచ్చిండు," అనేవారు. పక్కన నిలబడి చూస్తుంటే కొన్నాళ్లకు ఒక సంగతి తట్టింది. వీళ్లు రైలుకు సలాం చేయడమే గాని ఎక్కిన జాడ లేదు.

బాపు మళ్లీ వచ్చినప్పుడు పక్క స్టేషను భిక్నూరుకు రెండు టికెట్లు తీసి, ఆయనను కిటికీ పక్కన కూర్చోబెట్టాను. బండి కదులుతుంటే బాపు బల్ల వైపు వంగాడు.

"ఏం సేటూ, మీరెన్నడన్న ఎక్కిండ్రా?"

సేటు తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

మర్నాడు తువ్వాల భుజం మీదికి చేరింది. "కూసో సారు," అంటూ నలుగురూ జరిగారు. సేటు గొంతు తగ్గించి అడిగాడు. "లోపల ఎట్లుంటది?"

నేను రూమీ టోపీ తీసి ఒళ్లో పెట్టుకొని, తీరిగ్గా కాళ్లు చాపాను.

"ఏమున్నది సేటూ. మా ఎల్లారెడ్డి ఎడ్లబండి లెక్కనే ఉంటది. కాకుంటే నడిపెటోళ్లకు రాయి పెట్టే తెలివే లేదు."