తీసేసిన గొంతు

మా మాస్టారు పోయారని మంగళవారం ఉదయం ఫోను వచ్చింది. అప్పుడు నేను స్టూడియోలో ఓ పెళ్లి వీడియోలో బాజాల మోత తగ్గిస్తున్నాను. "సరే" అని ఫోను పెట్టేసి, ఆ ముక్క పూర్తి చేసి లేచాను. ఇది రాస్తున్న ఇప్పటికీ ఏడుపు రాలేదు.

శృంగవరపుకోటలో పెళ్లి వీడియోల స్టూడియో ఆయనది. పదకొండేళ్లు ఆయన తీస్తే నేను ఎడిటింగ్ చేశాను. చేరిన కొత్తలో అంతా హెడ్‌ఫోన్స్‌తోనే కానిచ్చేసేదాన్ని. ఓ అప్పగింతల్లో పాట కింద పెళ్లికూతురి తండ్రి మాటలు సన్నగా ఉంచాను. నా చెవికి చక్కగానే వినిపించాయి. వాళ్లింటి టీవీలో పాట తప్ప ఏమీ వినపడలేదట. మాస్టారు తిట్టలేదు. "సెవిలో పెట్టుకుని పెళ్లి సూస్తారేటమ్మా ఎవులైనా?" అన్నారంతే.

అప్పటి నుంచి ఆయన పద్ధతే. తప్పులు పట్టడానికి హెడ్‌ఫోన్స్. పాట, మాట సరిపోయాయో లేదో చూడ్డానికి స్పీకర్లు. చివరికి పెన్‌డ్రైవ్ తీసుకుని వెనక ఉన్న ఇంట్లోకి వెళ్లి పాత టీవీలో పెట్టేవారు. వంటింట్లో ఆయన భార్య, నేను పిన్ని అంటాను, పోపు వేస్తూ ఉండాలి.

"ఏటన్నాడే?" అని ఆయన కేకేసేవారు.

"పిల్లని జాగర్తగా సూసుకోమన్నాడు" అని ఆవిడంటే పని అయినట్టే. "ఏటో గొణుగుతన్నాడు" అంటే నేను మళ్లీ కుర్చీకే. మీ ఇంట్లో ఆయన తీసిన పెళ్లి ఉండి, అప్పగింతల మాటలు తెలుస్తుంటే అది పిన్ని పోపు చలవే. నాకు వినడం వచ్చిందంటే ఆయన పెట్టిన భిక్షే.

కెమెరా పట్టినవాడి గొంతు మాత్రం వీడియోలో ఉండకూడదు. "మన పెళ్లేటమ్మా? తీసీ" అనేవారు. అక్షింతలు మెల్లగా వేయండి, లైటుకి అడ్డం రాకండి అని ఆయన అన్న ప్రతి మాటా వెతికి వెతికి కోసేశాను. వీడియో ఇచ్చాక అసలు ఫైళ్లు తుడిచేసేవాళ్లం.

ఆయన పోయిన రెండు వారాలకు పిన్ని స్టూడియోలోకి వచ్చింది.

"ఫొటోలున్నాయి గానమ్మా, మీ మాస్టారి మాట ఒక్కటైనా ఉన్నాదేటి? నా ఫోన్లో సూసినాను. నేదు."

డిస్కులన్నీ వెతికాను. ఇచ్చేసిన పెళ్లిళ్లలో ఆయన దగ్గు కూడా లేదు. పని అంత బాగా నేర్చుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. మిగిలింది ఒక్కటే. ఆయన ఆఖరున తీసిన కళింగపట్నం పెళ్లి. దాని మీద నేనింకా చెయ్యి పెట్టలేదు.

స్పీకర్లలో వేస్తే వీధిలోకి వినిపిస్తుంది, వద్దంది పిన్ని. నా కుర్చీలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్స్ పెట్టాను. ఇక నాకేమీ వినపడదు. తెర మీద సముద్రపు గాలికి పందిరి గుడ్డ కొట్టుకుంటోంది. పెళ్లికూతురి అక్కచెల్లెళ్లు వరసగా నిలబడ్డారు. కెమెరా వెనక నుంచి ఆయన ఏదో అన్నట్టున్నారు, అందరూ కొంచెం ఎడమకు జరిగి, కొంగులు సర్దుకున్నారు.

కుర్చీలో పిన్ని కూడా ఎడమకు జరిగి, కొంగు సర్దుకుంది.