అందరికీ తెరిచేశాడు

లక్ష్మీపూర్‌లో మా అమ్మాయి సుజాత కొట్పాడ్ నేత చీరలు వెబ్‌సైటులో పెట్టి అమ్ముతుంది. ఒకే ఇంట్లో నాలుగు కాపురాల్లాగ, ఆ సైటున్న సర్వర్లోనే రాయగడ కొట్ల సైట్లూ ఉన్నాయి. ఈమధ్య ఒక ఉదయం మా సైటు ఆగిపోయింది.

"ఏటయిందమ్మీ?" అన్నాను.

"ఎవులొచ్చేరో, ఏటి కొన్నారో సైటు ఒక లాగ్ ఫైలులో రాసుకుంటాదమ్మా. నిన్న సర్వరు మరమ్మతు సేసినోడు దాన్ని తన పేరున పెట్టీసేడు. అందులో రాయలేక సైటు ఆగిపోనాది. సూద్దామంటే నాకే తెరుసుకోదు!"

మన ఫైలు మనకే తెరుచుకోకపోవడమేమిటని నాకు ఒళ్లు మండింది. ఆ సర్వరు చూసే అతను మధ్యాహ్నానికి ఫోనెత్తి, "అయిపోనాది మేడమ్, ఇంక అందరికీ తెరుసుకుంటాది" అన్నాడు. సైటు లేచింది. హమ్మయ్య అనుకుని భోజనాలకు కూర్చున్నాం.

అన్నం కలుపుతుండగా రాయగడ గాజుల కొట్టామె ఫోన్ చేసింది. "సుజాతమ్మా, నా సైటు ఫైళ్లు సూసుకుంటంటే మీకాడ కొన్నోళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు నాకు అవుపిస్తన్నాయేటి? నానేటీ సెయ్యనేదు తల్లీ!"

ఆ మహానుభావుడు నిజంగానే అందరికీ తెరిచేశాడు! సుజాత ఎడమచేత్తోనే సైటు ఆపేసింది. అతనికి ఫోన్ చేసి, ఫైలు మా పేరుకు మార్చి పక్క కొట్లవాళ్లకు మూసేదాకా పెట్టనివ్వలేదు.

తర్వాత కొన్నవాళ్లందరికీ ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకుంది. మొదటి నుంచీ మా దగ్గరే కొనే ఒకావిడ, "నా నంబరు తీసేయండి" అని పెట్టేసింది.

చీర నచ్చలేదంటే ఇంకోటి చూపిస్తాం. ఆవిడకి ఏం చూపించాలో నాకిప్పటికీ తెలియడం లేదు.