కర్పూరం ముందు ఎర్రబడిన ముఖం

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి వేసవిలో, జమ్మలమడుగులో మా అత్త ముక్కుపుడక కనిపించకుండా పోయింది. అప్పటికి నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి పద్నాలుగు నెలలు. నా వయసు పంతొమ్మిది.

ఆ ఇంట్లో వస్తువు పోతే ఇత్తడి పళ్ళెంలో కర్పూరం వెలిగించేవాళ్ళు. ఒక్కొక్కరే వంగి, తీయలేదని చెప్పి, అరచేత్తో మంట ఆర్పాలి. చెయ్యి కాలిందా అని ఎవరూ చూడరు. ఆ వెలుగులో ముఖం ఎర్రబడిందా అని చూస్తారు. ముందు నా తోటికోడలు ఆర్పింది. ఆమె ముఖం మామూలుగానే ఉంది. మళ్ళీ వెలిగించారు. నేను వంగాను. మంట జానెడు దూరంలో ఉండగానే నా ముక్కు, రెండు చెంపలు భగ్గుమన్నాయి. నాది పచ్చని చాయ, దాచడానికి వీలుండదు. తీయలేదని చెప్పేసరికి నుదురు కూడా ఎర్రబడిందట.

అత్త నన్ను ఒక్క మాట అనలేదు. మరునాడు బియ్యం పెట్టె తాళంచెవి మాత్రం నా కొంగు నుంచి తోటికోడలి కొంగుకు మారింది. ఇంట్లో నేను దొంగనని ఎవరూ అనకుండానే అందరికీ తెలిసిపోయింది.

ముఖం ఎర్రబడటం నాకు కొత్త కాదు. పులివెందులలో పదహారో ఏట మొదలైంది. ఒంట్లో వేడి అని మా అమ్మ మజ్జిగ తాగించేది, నెత్తికి ఆముదం పెట్టేది. ముక్కు పక్కన మొటిమల్లాంటివి లేస్తే సున్నిపిండితో గట్టిగా రుద్దేది. రుద్దిన రోజు ఇంకా మండేది.

ఈ సంగతి తర్వాత నెలలోపే నా భర్త నన్ను బస్సులో ప్రొద్దుటూరు తీసుకుపోయి ఒక డాక్టరమ్మకు చూపించాడు. ఆమె నన్ను కిటికీ దగ్గర నిలబెట్టి, ముక్కుకు అటూ ఇటూ ఉన్న సన్నని ఎర్రదారాల్లాంటి నరాలను చూసింది. దీన్ని రొసేషియా అంటారని చెప్పింది. ఆ పేరు తెలుగులో రాయించుకున్నాను. చర్మం కింది రక్తనాళాలు ఇతరులకంటే త్వరగా విప్పారతాయని, మెల్లగా మూసుకుంటాయని, పూర్తిగా పోదు గాని తగ్గించుకోవచ్చని అన్నది. సున్నిపిండి మానమంది. ఏది పడదో మనిషికీ మనిషికీ తేడా ఉంటుందట. "నీకేది పడదో నాకెట్లా తెలుస్తాది? నువ్వే రాసి పెట్టుకో," అంది.

ఆ మాట నాకు నచ్చింది. తొంభై రోజులు రాశాను. మొత్తం నూట పన్నెండుసార్లు ఎర్రబడింది. పొయ్యి దగ్గర నలభై ఏడు, ఎండకు ముప్పై ఒకటి, వేడి టీకి, కారానికి ఇరవై రెండు. మిగిలిన పన్నెండు సిగ్గు, కోపం, భయం. ఆ పన్నెండులో తొమ్మిదిసార్లు నేను చేసిందేమీ లేదు. అత్త నా ముఖం చూస్తోంది, ఇప్పుడు ఎర్రబడుతుందేమో అనుకున్నాను, ఎర్రబడింది. వేడికి వచ్చే ఎరుపు ముక్కు దగ్గర, సిగ్గుకు వచ్చేది మెడ దగ్గర మొదలవుతుందని మొదట రాసుకున్నాను. ముప్పయ్యో రోజున అది తప్పని కొట్టేశాను. ఎరుపును చూసి కారణం చెప్పడం నాకే చేతకాలేదు. ఇంకొకరు ఎట్లా చెప్పగలరు?

తొంభై ఒకటో రోజు మధ్యాహ్నం అత్త వసారాలో వేరుశనగ కాయలు ఒలుస్తోంది. నేను పళ్ళెం తెచ్చి ఆమె ముందు పెట్టి కర్పూరం వెలిగించాను.

"ఏంది మే, మళ్లా ఏం పోయింది?"

"ఏం పోలేదత్తా. నిజమేదో నీకు తెలిసిన మాట ఒకటి అడుగు."

ఆమె చేతిలో కాయ అట్లాగే ఉండిపోయింది. "నువ్వు పుట్టింది యాడ?"

"పులివెందులలో," అని వంగాను.

చెంపలు భగ్గుమన్నాయి. అత్త నా గడ్డం పట్టుకుని ముఖాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"పులివెందుల అనేదానికే ఇంత ఎర్రబడితివే. అదీ దొంగమాటేనా?"

లోపల తోటికోడలు నవ్వింది. అత్త నవ్వలేదు.

"ఆ పొద్దు గూడా ఇంతేనా?"

"ఇంతేనత్తా."

ఆమె తన అరచేత్తో మంట ఆర్పి, పళ్ళెం పక్కకు జరిపి, మళ్ళీ కాయలు ఒలవడం మొదలుపెట్టింది. ఆ సాయంత్రం నా టీ రెండు గ్లాసుల్లో తిరగపోసి చల్లార్చి ఇచ్చింది. పొరపాటైందని ఎన్నడూ అనలేదు. తాళంచెవి తిరిగి నా కొంగుకు రావడానికి ఇంకా ఇరవై రెండు రోజులు పట్టింది. ముక్కుపుడక దొరకలేదు. ఆ తర్వాత ఆ ఇంట్లో రెండు వస్తువులు పోయాయి. రెండుసార్లూ అత్త ఇల్లంతా వెతికించింది గాని కర్పూరం వెలిగించలేదు.

ఆ నోటుపుస్తకం ఇంకా నా దగ్గరుంది. ముక్కుపుడక పోయిన రోజు అందులో లేదు, రాయడం తర్వాతే మొదలుపెట్టాను కదా. దాన్ని కలిపితే నూట పదమూడు. కాని మంట కింద వెయ్యాలా, భయం కింద వెయ్యాలా అన్నది ఈనాటికీ తేలక, కలపలేదు.