ముందు గొట్టం విప్పమన్న మాస్టారు

రియాక్టర్ గొట్టం విప్పగానే ఫినాల్ వాసన గుప్పుమంటుంది. భీమవరంలో మా కాలేజీ పిల్లలు మాస్కు ఉన్నా మొహం తిప్పుకుంటారు. నాకు మాత్రం, రాజమండ్రిలో నాకు పీహెచ్‌డీ గైడుగా ఉన్న వీరభద్రం మాస్టారు పక్కకొచ్చి నిలబడినట్టే ఉంటుంది. యానాం దగ్గర గోదావరిలో వల వేసి బతికిన ఇంట్లో పుట్టి కెమిస్ట్రీ ప్రొఫెసరైన మనిషాయన. ఆయన శిష్యురాలినని చెప్పుకోవడం నాకిప్పటికీ గర్వమే.

ఫినాల్‌నీ ఆల్కహాల్‌నీ ఆవిరి చేసి, ఉత్ప్రేరకంగా పనిచేసే ఘన ఆమ్లపు గుళికల మీదుగా పంపడం అప్పట్లో నా పీహెచ్‌డీ పని. అలా పంపితే ఒకే సరుకు రాదు. ఆల్కహాల్ ముక్క ఫినాల్‌కు పక్కన అంటుకుంటే ఒకటి, ఎదురుగా అంటుకుంటే ఇంకొకటి, రెండు మూడు చోట్ల అంటుకుంటే లావుపాటివి వస్తాయి. మాకు కావలసింది ఎదురుగా అంటుకున్న పారా రకం. గుళికల్లోని రంధ్రాలు ఇరుకైతే సన్నటి పారా జారి బయటికొస్తుంది, లావువి లోపలే ఇరుక్కుంటాయి. ఆమ్లం ఎంత బలంగా ఉంటే అంత మంచిదనుకుని, ఉన్నవాటిలోకెల్లా బలమైనది తయారుచేశాను. మొదటి గంటలో వచ్చిందంతా దాదాపు పారాయే. పేపర్ రాసేశాను. అది అచ్చయితే థీసిస్ ఇచ్చేయొచ్చు. ఆ సంబరంలో పూతరేకులు పట్టుకుని మాస్టారి గదికి వెళ్లాను.

ఆయన ప్యాకెట్ విప్పలేదు, బీరువాలో పెట్టారు.

"ముందు గొట్టం విప్పమ్మా."

"రిజల్ట్ వచ్చేసింది కదా సార్."

"బయటికొచ్చింది చూశావు. లోపల ఉండిపోయిందేంటో చూశావా? మా నాన్న వల దులపకుండా ఎంత పడిందో ఎవరికీ చెప్పేవాడు కాదు."

విప్పాను. తెల్లగా వేసిన గుళికలు బొగ్గులా ఉన్నాయి. లోపల ఇరుక్కున్నవి మాడి రంధ్రాలను మూసేశాయి. రెండో గంట నుంచి ఏమొచ్చిందో చూస్తే, నా ఉత్ప్రేరకానిది ఆరంభశూరత్వమని తేలిపోయింది. పేపర్ ఆగింది, థీసిస్ ఏడాది వెనక్కిపోయింది. ద్రాక్షారామంలో మావాళ్లు అప్పటికే చుట్టాలందరికీ డాక్టరేట్ వచ్చేసిందని చెప్పేసుకున్నారు. మాస్టారి మీద నాకు పీకలదాకా కోపం వచ్చింది. నెలరోజులు ముభావంగానే తిరిగాను. ఆయన అవేవీ పట్టించుకోకుండా రోజూ వచ్చి నా పక్కనే కూర్చునేవారు.

ఆమ్లబలం కొంచెం కొంచెంగా తగ్గిస్తూ పోయాను. పారా వాటా కాస్త తగ్గింది గానీ, వారం నడిపాక కూడా గుళికలు గోధుమరంగు దాటలేదు. మాస్టారు వాటిని చిన్న గాజుపళ్లెంలో పోసి కిటికీ వెలుతురులో చాలాసేపు చూశారు. తరవాత బీరువా తీసి కొత్త పూతరేకుల ప్యాకెట్ నా చేతిలో పెట్టారు. పాతవి చీమలు తినేశాయట.

మాస్టారు ఇప్పుడు లేరు. పోయిన వారం నా విద్యార్థిని శిరీష ఒక చేత్తో మంచి గ్రాఫూ, ఇంకో చేత్తో గాజుపళ్లెమూ పట్టుకుని నా గదికొచ్చింది. నేనింకా ఏమీ అడగలేదు.

"నల్లబడ్డాయి మేడమ్. ఈ పేపర్ ఇప్పుడే పంపొద్దండి" అంది.

ఆ సాయంత్రం ఆ నల్ల గుళికల పేరు చెప్పి ల్యాబ్‌లో అందరికీ పూతరేకులు నేనే కొన్నాను.