దొడ్డమ్మ వీధి తలుపు

మొన్న సాయంత్రం మా ఇంట్లో పాత ట్యాబ్ మొరాయించింది. లోపల చోటు చాలడం లేదట, ఏదో ఒకటి తీసేయమంది. ఏది తీసేయాలో కూడా అదే చూపించింది. చాలా కాలంగా ఎవరూ తెరవని గేమ్ ఒకటుందట. వేలు దాని మీద పెట్టబోయి ఆగిపోయాను. ఆ గేమ్‌లో మా దొడ్డమ్మ ఇల్లుంది. ఇల్లంటే అరుగూ, పెరడూ, వీధి తలుపూ అన్నీ ఉన్న ఇల్లు. అది ఉన్నట్టా లేనట్టా అన్నది నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పటికీ కావడం లేదు. లేని ఇల్లయితే తీసేయడానికి నాకెందుకు చెయ్యి రాలేదో అంతకన్నా అర్థం కాలేదు.

దొడ్డమ్మంటే మా అమ్మకి అక్క. కోనసీమలో ఒక లంకలో ఆవిడ కాపురం. పిల్లల్లేరు, పెదనాన్న ముందే పోయారు. ఆ లంకని గోదావరి వరద వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెం కోసుకుంటూ వచ్చింది. మొదట కొబ్బరిచెట్లు, తర్వాత పశువుల పాక, ఆ తర్వాత పెరట్లో నుయ్యి. చివరికి ఇల్లు కూడా ఏట్లోకి ఒరిగిపోయాక ఆవిడని రాజమండ్రిలో మా ఫ్లాట్‌కి తీసుకొచ్చాం. ఆవిడ కంట తడి పెట్టలేదు. ఎవరైనా పరామర్శకి వస్తే, "గోదారికి కావలసొచ్చింది, పట్టుకుపోయింది. కాఫీ చల్లారిపోతోంది, తాగండి" అనేది. వచ్చినవాళ్లు ఎవరిని ఓదార్చాలో తెలియక కాఫీ తాగి వెళ్లిపోయేవారు.

మా ఇంట్లో ఆవిడకి దేనికీ పేచీ లేదు, ఒక్క సందె వేళ తప్ప. దీపం పెట్టే వేళకి వీధి తలుపు బార్లా తీసి, పెరటి తలుపు మూసేయాలి. లక్ష్మీదేవి వీధి వైపు నుంచి రావాలి, పెరటి వైపు నుంచి వెళ్లిపోకూడదు. ఫ్లాట్లో పెరడెక్కడిది? బాల్కనీ తలుపునే పెరటి తలుపుగా ఒప్పుకుంది పాపం. కానీ సరిగ్గా ఆ వేళకే దోమలు దండెత్తి వస్తాయి కనక వీధి వైపు నేను మెష్ తలుపు వేసేదాన్ని. "జల్లెట్లోంచి పిండి దిగినట్టు దిగుతుందిటే లక్ష్మీదేవి?" అని ఒకే ఒక్కసారి అడిగింది. తర్వాత అడగలేదు.

ఆ వేసవిలో ఇంజినీరింగ్ చదువుతున్న మా అమ్మాయి సెలవులకి ఇంటికొచ్చింది. తనకి కాలేజీలో ఇద్దరు స్నేహితురాళ్లు, ఒకమ్మాయిది సామర్లకోట, ఇంకో అమ్మాయిది నరసాపురం. ఎవరింట్లో వాళ్లు ఉంటూనే ముగ్గురూ ఈ గేమ్‌లో ఒకే చోట ఉండేవారు. చెట్లు కొట్టి, రాళ్లు తవ్వి, ఇల్లు కట్టుకుని, చీకటి పడితే వచ్చే దయ్యాల నుంచి ప్రాణాలు కాపాడుకోవాలట. మా అమ్మాయి సోఫాలో కూర్చుని పకోడీలు తింటూ "ఆకలికి చచ్చిపోతున్నానే" అనేది. నేను కంగారుగా వంటింట్లోంచి వస్తే, ఆకలి ఇక్కడ కాదట, అక్కడట. ఒకరోజు "నేను చచ్చిపోయాను, నా సామాన్లు ఎవరైనా తెచ్చిపెట్టండే" అని నిమ్మళంగా ఫోన్లో చెబుతోంది. మా ఆయన పేపరు దించి "ఎక్కడ చచ్చిపోయింది?" అని నన్నడిగారు. నాకు తెలిస్తేగా.

దొడ్డమ్మ మాత్రం వాళ్ల పక్కన చేరి చూసి చూసి, తనకీ ఒకటి ఇప్పించమంది. అలా ఈ ట్యాబ్ ఆవిడ చేతికొచ్చింది. కోళ్లని చంపనంటే చంపనని కూరమళ్లు వేసుకుంది. మొదటిసారి కొండ మీంచి పడి చచ్చిపోయి మళ్లీ లేచినప్పుడు, "ఇప్పుడు నేను స్నానం చెయ్యాలా, అక్కర్లేదా?" అని అడిగింది. అక్కర్లేదన్నారు. "రావులపాలెం అరటి సంత ఇంత దగ్గర పెట్టుకుని ఒక్క అరటిచెట్టు లేదేంటే ఇక్కడ?" అని ఇంకోసారి కోప్పడింది. రావులపాలెం ఎక్కడికి దగ్గరో నాకు బోధపడలేదు గానీ, పిల్లలకి బోధపడినట్టే ఉంది, క్షమాపణ చెప్పుకున్నారు.

పిల్లలు ఇంటికి ఏటి ఒడ్డున స్థలం చూశారు. దొడ్డమ్మ ససేమిరా అంది. "ఒడ్డు కోసేస్తుందే." "ఈ ఏరు కొయ్యదమ్మమ్మా" అంది మా అమ్మాయి. "కొయ్యని గోదారి ఎక్కడైనా ఉందిటే?" రోజూ ట్యాబ్ తెరవగానే ఆవిడ చేసే మొదటి పని, ఒడ్డుకి వెళ్లి చూడడం. మట్టి ఎక్కడిదక్కడే ఉండేది. అలా ఎన్నాళ్లు చూసిందో, ఒకనాటికి నమ్మకం కుదిరింది. అరుగు ఇక్కడ, పడకగది ఇక్కడ, వంటింటి గుమ్మం తూర్పుకి అని ఆవిడ చెబుతుంటే పిల్లలు కట్టారు. టీ ఇవ్వడానికి వెళ్లి చూశాను కదా, అది లంకలో ఇల్లు. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో నేను బొబ్బట్టు తింటూ కూర్చున్న అరుగు. దొడ్డమ్మ నా వంక చూడకుండానే, "ఇది కూడా పోతే ఇంక నా వల్ల కాదే" అంది.

ఆ గేమ్ ఊళ్లో పొద్దు మరీ తొందర. పెట్టిన కాఫీ చల్లారేలోగా సూర్యుడు దిగిపోతాడు. ఇల్లు పూర్తయ్యాక పిల్లలు తాము సంపాదించుకున్నదంతా తెచ్చి లోపల సర్దుకున్నారు. సందె పడింది. దొడ్డమ్మ గోడకి కాగడా పెట్టింది, వీధి తలుపు బార్లా తీసింది, పెరటి తలుపు మూసింది. లక్ష్మీదేవి రాలేదు గానీ దయ్యాలు వచ్చాయి. పెరటి వైపు పరుగెత్తిన నరసాపురం అమ్మాయి మూసిన తలుపుకి కొట్టుకుని అక్కడే ప్రాణం వదిలింది. వచ్చినవాటిలో ఒకటి ఢామ్మని పేలి, అరుగుతో సహా సగం ఇల్లు కూలిపోయింది.

పిల్లలు పల్లెత్తు మాట అనకుండా మళ్లీ కట్టారు. మళ్లీ సందె పడింది. ఆవిడ మళ్లీ తలుపు తీసింది. ఈసారి సామర్లకోట అమ్మాయి ఊరుకోలేదు. "ఏమనుకోకండి అమ్మమ్మగారూ, చీకటి పడ్డాక తలుపెయ్యకపోతే ఈ ఇల్లు నిలవదండి. మీరిలాగే చేస్తే తలుపు మీ చేతికి రాకుండా నేనే ఏదో ఒకటి చెయ్యాల్సొస్తుందండి" అంది. "దీపం పెట్టి తలుపు మూసుకుంటే అది ఇల్లెలా అవుతుందమ్మా?" అంది దొడ్డమ్మ. అని, ట్యాబ్ తెచ్చి నా చేతిలో పెట్టి, "పోన్లే. ఒకరింట్లో ఉంటూ మన మాట సాగాలంటే ఎలా సాగుతుంది?" అంది. ఆ మాట ఏ ఇంటి గురించో నేనడగలేదు. నాకు చాలా బాధేసింది. చెప్పలేదు గానీ ఏడుపొచ్చింది.

తర్వాత కొన్నాళ్లు ట్యాబ్ ఫ్రిజ్ మీద దుమ్ము పట్టింది. దొడ్డమ్మ అడగలేదు, మేం ఇవ్వలేదు. ఒక సాయంత్రం మా అమ్మాయి ఫోన్ స్పీకర్లో పెట్టింది. సామర్లకోట అమ్మాయి గొంతు. "అమ్మమ్మగారూ, ఒక్కసారి వచ్చి చూడండి. తలుపు తీసే ఉంచామండి." ఆవిడ అయిష్టంగానే ట్యాబ్ తీసుకుంది. నేను భుజం మీంచి తొంగి చూశాను. ఏటి మీద పొద్దు వాలుతోంది. ఇల్లు నిలబడి ఉంది, అరుగుతో సహా. వీధి తలుపు బార్లా ఉంది. దానికి అటు సామర్లకోట అమ్మాయి, ఇటు నరసాపురం అమ్మాయి కత్తులు పట్టుకుని నిలబడ్డారు. మా అమ్మాయి అరుగు దిగి వాళ్లకి ముందు నిలబడింది. "మీరు దీపం పెట్టుకోండి. పొద్దు పోయినా తలుపు ఇలాగే ఉంటుంది, మేం చూసుకుంటాం" అంది సామర్లకోట అమ్మాయి. దొడ్డమ్మ కాగడా పెట్టింది. బయట దయ్యాలు రానే వచ్చాయి. నరుకుడు, కేకలు. ఎవరో ఒకరు చచ్చిపోవడం, ఎక్కణ్ణుంచో పరుగెత్తుకొచ్చి మళ్లీ గుమ్మం పక్కన నిలబడడం. లంక పోయినప్పుడు ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే, "ఆ పొట్టిదాన్ని నరకవే, లోపలికొచ్చేస్తోంది!" అని అరిచింది. నేను లేచి వెళ్లి మా ఇంటి మెష్ తలుపు కూడా తీసేశాను. మా ఆయన ఆ సాయంత్రమంతా దోమల్ని చరుచుకుంటూ కూర్చున్నారు గానీ, ఎందుకని అడగలేదు. ఆ తర్వాత దొడ్డమ్మ ఉన్నన్నాళ్లూ సందె వేళ ఆ తలుపు వెయ్యలేదు.

దొడ్డమ్మ పోయింది. పిల్లలకి ఉద్యోగాలొచ్చి తలో ఊరూ వెళ్లారు. మొన్న ట్యాబ్ పట్టుకుని కూర్చుని, తీసేసే ముందు ఒక్కసారి చూద్దామని ఆ గేమ్ తెరిచాను. ఎటు నొక్కితే ఎటు పోతానో తెలియక ఏట్లో పడ్డాను. ఒడ్డెక్కేసరికి చేతిలో ఉన్నదేదో నీళ్లలోకి విసిరేశాను, ఏమిటో తెలియదు. మొత్తానికి ఇల్లు చేరాను. ఒడ్డు కోసుకుపోలేదు. పొద్దు వాలుతోంది. తంటాలు పడి పెరటి తలుపు మూసి, వీధి తలుపు తీశాను. అప్పుడు తెర మీద ఒక మాట వచ్చింది: "అమ్మమ్మగారూ?"

నేను వచ్చింది దొడ్డమ్మ పేరు మీద కదా, పిల్లల ఫోన్లలో ఆ పేరే వెలిగి ఉంటుంది. ఒక్కో అక్షరం వెతుక్కుని, "నేనమ్మా, ఆంటీని" అని రాశాను. తర్వాత, "సందె పడుతోందాంటీ. తలుపు మూసెయ్యకండి, వచ్చేస్తున్నాను" అని వచ్చింది. కాసేపటికి ఏటి గట్టు వెంబడి ఒక బొమ్మ కత్తి పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చి, గుమ్మానికి అటు పక్కన చీకటి వైపు తిరిగి నిలబడింది. అది సామర్లకోట అమ్మాయి నిలబడే పక్క.

ట్యాబ్‌లో చోటు కోసం మా పెళ్లిరోజు వీడియోలు తీసేశాను. మా ఆయనకి ఇంకా చెప్పలేదు. మనిషి పొద్దు ఒక్కసారే వాలుతుందని తెలుసు గానీ, ఆ మనిషి దీపం పెట్టుకున్న వేళ మాత్రం, వాకిట్లో ఒక్కరు నిలబడ్డా చాలు, మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది కాబోలు.