ఊపిరి పట్టే మొనగాడు

తమ్ముడు దగ్గుతుంటే ఏ అక్కకైనా జాలేస్తుంది. ఈ అక్కకు మాత్రం ఒళ్లు మండేది. మండదా మరి? చేజేతులా కొనితెచ్చుకున్న దగ్గు అది.

ఇద్దరూ గాజు పనివాళ్లు. నాన్న వదిలి వెళ్లిన రేకుల షెడ్డులో ఒక కొలిమి, ఒక పొడవాటి బల్ల. తమ్ముడు ఇనుప గొట్టం చివర కరిగిన గాజు ముద్దను చుట్టి తెచ్చి ఊదేవాడు. అక్క పక్కన కూర్చుని, తిరుగుతున్న ఆ ముద్దకు తడి చెక్కతో, పటకారుతో నడుమూ మెడా తీర్చేది. చంటిపిల్లంత జాడీని కూడా అలుపు లేకుండా ఊదేవాడని వీధంతా వాణ్ణి ‘కొలిమితిత్తి’ అనేవాళ్లు. చివరికి ‘తిత్తి’ మిగిలింది.

ఆ పేరే కొంప ముంచింది. సాయంత్రం పని అయ్యాక షెడ్డు వెనక గోడ దగ్గర పక్క షాపుల వాళ్లు చేరి గంజాయి కాల్చేవాళ్లు. ఊరికే కాల్చినా కొంత నయం. పొగ లోపలికి లాగి ఎవడు ఎక్కువసేపు పట్టి ఉంచుతాడో అని పందెం. మిగతావాళ్లు కళ్లు తేలేసి దగ్గి చస్తుంటే మన తిత్తి బుగ్గలు బిగించి నిలబడేవాడు. అబ్బో, ఏం ఘనకార్యం. గాజు ఊదమని నాన్న నేర్పిన ఊపిరి, పొగ దాచుకోవడానికి పనికొచ్చింది.

“సిగరెట్ ముట్టనని అమ్మ మీద ఒట్టేశావు,” అంది అక్క ఒకరోజు.

“ముట్టలేదుగా. ఇది ఆకక్కా, చెట్టుకు పుట్టింది.”

“ఉమ్మెత్తకాయ కూడా చెట్టుకే పుడుతుంది. కోసుకొస్తా, తింటావా?”

నవ్వేసి వెళ్లిపోయాడు. చిలక్కి చెప్పినట్టు చెప్పింది, నోరు నొప్పెట్టేలా తిట్టింది. దున్నపోతు మీద వాన కురిసినట్టే. పొద్దున లేస్తే కఫం కక్కడం, పడుకుంటే ఛాతీలో పిల్లికూతలు. అయినా సాయంత్రమయ్యేసరికి గోడ దగ్గర హాజరు.

ఒకరోజు పెద్ద జాడీ ఊదుతూ ఊదుతూ గొట్టం వదిలేసి రొమ్ము పట్టుకున్నాడు. సగం ఉబ్బిన గాజు నేల మీద పడి చదునైపోయింది.

“ఊపిరాడట్లేదక్కా,” అన్నాడు.

ఆసుపత్రిలో పక్కటెముకల మధ్య నుంచి గొట్టం వేశారు. డాక్టరమ్మ ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూపించింది. ఊపిరితిత్తి పైభాగంలో పల్చటి బుడగలు కట్టాయట. ఒకటి పగిలి గాలి బయటికి పోయి ఊపిరితిత్తి ముడుచుకుపోయిందట.

“ఏం కాలుస్తావు?” అని అడిగింది.

తమ్ముడు అక్క వైపు చూశాడు.

“గంజాయండీ,” అంది అక్క పళ్లు కొరుకుతూ. “అదీ పందెం వేసి, ఊపిరి బిగబట్టి మరీ.”

“ఇదొక్కటే కారణమని ఒట్టేసి చెప్పలేను,” అంది డాక్టరమ్మ. “కానీ ఏ ఆకు కాల్చినా మసే, తారే. నువ్వు దాన్ని లోతుకు లాగి పట్టి ఉంచావు. మానేస్తే దగ్గు, కఫం చాలావరకు తగ్గుతాయి. బుడగలు మాత్రం పోవు. ఇక గాజు ఊదకు.”

బుడగ సంగతి వాడికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఊదిన బుడగ పల్చబడ్డ చోటే గాజు పగులుతుంది.

ఇంటికొచ్చాక పరామర్శకని గోడ దగ్గరి స్నేహితులు వచ్చారు.

“ఒక్క దమ్ము లాగరా తిత్తీ, నొప్పి తెలీదు,” అంటూ ఒకడు జేబులోంచి పొట్లం తీశాడు.

అక్క మూలనున్న ఇనుప గొట్టం అందుకుంది. “ఈ గుమ్మం మళ్లీ తొక్కితే కాళ్లు విరగ్గొడతాను. నడవండి బయటికి.”

చెప్పులు చేత్తో పట్టుకుని పోయారు వెధవలు. కానీ పోతున్న ఆ పొట్లం వైపు తమ్ముడు చూసిన చూపు ఆమె కంటపడింది. అరికాలి మంట నెత్తికెక్కింది.

“ఇంకా కావాలా నీకు?”

“మానేశానక్కా.”

“మానేసినవాడి చూపేనా అది?”

“ఊదడం తప్ప నాకేం వచ్చు? ఇంకేం చేసుకుని బతకను?” అన్నాడు వాడు తల వంచుకుని.

ఆ మాటకు ఆమె కోపం ఇంకా పెరిగింది. రెక్క పట్టుకుని షెడ్డుకు లాక్కెళ్లింది. పటకారు వాడి చేతిలో కుక్కి, తన చోట కూర్చోబెట్టింది. గాజు ముద్ద చుట్టి తెచ్చి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తనే గొట్టం నోట పెట్టుకుంది.

“బుగ్గలతో కాదక్కా, కడుపులోంచి,” అన్నాడు వాడు. “నిదానంగా. ఆపకు.”

గాజు ఓ పక్కకు ఒరిగి ఉబ్బింది. వాడు పటకారుతో సరిచేస్తూ, పాత అలవాటుకొద్దీ ఆమెతో పాటు తనూ ఊపిరి బిగబట్టాడు. అంతే, దగ్గు తెర ముంచుకొచ్చింది. ఆసుపత్రిలో గొట్టం వేసిన పక్కను అరచేత్తో నొక్కుకుని, బల్ల మీదికి వంగిపోయి దగ్గుతున్నాడు.

ఊదడం ఆపితే గాజు చల్లబడి చెడిపోతుంది. కడుపులో ఉన్న తిట్లన్నీ ఆమె నోటిదాకా వచ్చాయి. నోట్లో గొట్టం ఉంది. చెంపల మీద కారుతున్న కన్నీళ్లు తుడుచుకోకుండా, వాడి వైపు చూడకుండా, ఊదుతూనే ఉంది.