పన్నెండు వందల లీటర్ల సర్టిఫికెట్

బైరకూరు చెన్నరాయప్పకు రూపాయి అనే మాట చెవికెక్కదు. ఏ ఖర్చయినా సరే, పాల లీటర్లలో చెప్పాల్సిందే. డెయిరీలో లీటరు నలభై కాబట్టి, లోకంలో ఉన్న సమస్తాన్నీ ఆయన నలభైతో భాగిస్తాడు. లెక్క ఎప్పుడూ తప్పదు. అదే పెద్ద బాధ.

మొన్న కోలారులో కంటి డాక్టరు ఫీజు అయిదు వందలంటే, "పన్నెండున్నర లీటర్లా!" అని గుండె పట్టుకున్నాడు. ఆ డాక్టరు కంగారుపడి, "రోజుకు ఏం తాగుతారు మీరు?" అని చీటీ మీద రాసుకోబోయాడు. కన్ను ఆయనది కాదు, భార్య హనుమక్కది అని చెప్పి సర్దుకొచ్చేసరికి నేత్రావతికి తల కొట్టేసినట్టయింది.

నేత్రావతి ఆయన తమ్ముడి కూతురు. బడి దగ్గరని చిన్నప్పుడు ఆ ఇంట్లో ఉంచితే అక్కడే ఉండిపోయింది. రెండేళ్లుగా కోలారు దగ్గరి నరసాపురంలో బైకుల ఫ్యాక్టరీకి పోతోంది. రోజంతా నిలబడి బోల్టులు బిగించడం, కంపెనీ బస్సులో తూగుతూ ఇల్లు చేరడం. ఆ బస్సులోనే ఒకనాడు పక్క సీటు శశికి మెడ పట్టేస్తే, నేత్రావతి పది నిమిషాలు ఒత్తింది. "నీ చేతిలో ఏమో ఉండాదే!" అంది శశి. అప్పట్నుంచి బస్సులో ఆమె పక్క సీటుకు పోటీ. నేర్చుకుంటే ఇదే బతుకుతెరువు అవుతుందని అప్పుడే తోచింది. కానీ చేతిలో మిగిలిందంతా పెద్దమ్మ కంటి ఆపరేషన్‌కు పెట్టేసింది. ఇక మిగిలిన దారి పెద్దనాయన ఒక్కడే.

"పెద్దనాయనా, కేజీఎఫ్‌లో మసాజ్ థెరపీ కోర్సు ఉండాది. ఆరు నెల్లు. సర్టిఫికెట్ ఇస్తారు. ఫీజు..."

"లీటర్లలో చెప్పు."

"పన్నెండు వందలు," అంది నేత్రావతి పళ్లు కొరుకుతూ. ముందే భాగించి పెట్టుకుంది పాపం.

"ఊ. బస్సు?"

"సర్కారు బస్సులో ఆడోళ్లకు టికెట్ లేదు గదా!"

"అయితే సున్నా లీటర్లు," అని ఆయన ముఖం వెలిగింది. అంతలోనే ఆరిపోయింది. "ఆరు నెల్లు కంపెనీ మానేస్తే? నెలకు నాలుగొందల లీటర్ల జీతం. అంటే రెండువేల నాలుగొందల లీటర్లు నేలపాలు. పండబెట్టే టేబులు?"

"పన్నెండు వేలు."

"మూడొందల లీటర్లు," అని నల్ల కాఫీ చప్పరించాడు.

ఆ నల్ల కాఫీ ఇంకో చిరాకు. నాలుగు ఆవులున్న ఇంట్లో ఏడాదిన్నరగా చుక్క పాలు లేవు. చుట్టాలొచ్చినా నల్లదే. "పాలు పోస్తే కాఫీ రుచి చచ్చిపోతాది," అంటాడు. హనుమక్క మారుమాట్లాడకుండా బెల్లం కలుపుకుని తాగేస్తుంది. పిసినారితనానికి హద్దుండొద్దా అని నేత్రావతి మండిపడేది.

మర్నాడు ఆయనే ఇన్‌స్టిట్యూట్‌కు ఫోను చేశాడు. స్పీకరు పెట్టి మరీ.

"మేడమ్, ఈ కోర్సు చేసినోళ్లు సంవత్సరంలో ఎన్ని నెల్లు వట్టిపోతారు?"

"ఏమిటండీ?"

"ఆవు పది నెల్లు పాలిస్తాది, రెండు నెల్లు వట్టిపోతాది. మీ మసాజుకు వట్టిపోయే కాలం ఎప్పుడు?"

అవతల ఆవిడ నవ్వాపుకుని, పెళ్లిళ్ల సీజన్లో గిరాకీ ఎక్కువనీ, ఇంటికెళ్లి చేస్తే ఒకసారికి ఆరు వందలనీ చెప్పింది. "పదిహేను లీటర్లు! మన ఎర్రావు కూడా పూటకు అంత ఇయ్యదు!" అని ఆయన నోరు తెరిచాడు. నేత్రావతి ఫోను లాక్కుంది.

అక్కడితో ఆగాడా? మూడో రోజు పొద్దున డెయిరీ క్యూలో క్యాన్లు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లందరినీ వరసగా అడిగాడు. "అక్కయమ్మా, నీకు నడుంనొప్పి ఉండాదా? సొన్నమ్మా, నీకు?" ఊరంతా ఒకటే నవ్వు. నేత్రావతికి బస్సు ఎక్కడానికి కూడా ముఖం చెల్లలేదు.

శనివారం ఫీజుకు ఆఖరి దినం. శుక్రవారం సాయంత్రం ఆమె బద్దలైపోయింది.

"ఇయ్యనంటే ఇయ్యనని ఒక్క మాట చెప్పేయ్ పెద్దనాయనా! వారం దినాలుగా నన్ను భాగించి భాగించి చంపుతా ఉండావు!"

చెన్నరాయప్ప తల గోక్కున్నాడు. "నలభై లీటర్లు తక్కువ," అన్నాడు నసుగుతూ.

"నీ లీటర్లూ నువ్వూ!" అని ఆమె పోయి ముసుగుతన్ని పడుకుంది.

శనివారం పొద్దున భుజం నొప్పని ఆయన క్యాను ఆమె చేతికిచ్చాడు. డెయిరీలో సెక్రటరీ మునీంద్ర మూత తీస్తూ అడిగాడు. "ఏమ్మా, ఇందులో నీ రెండు లీటర్లు తీసేసే గదా ఆయన కార్డులో రాయాల్సింది?"

"నా రెండు లీటర్లేంది?"

మునీంద్ర ఇంకో కార్డు తీసి ముందర పెట్టాడు. పైన ఆమె పేరే. మేత సబ్సిడీకని పెద్దనాయన ఎప్పుడో తనతో సంతకం పెట్టించుకున్న కాగితం దీనికన్నమాట! రోజుకు రెండు లీటర్లు, ఒక్క పూట తప్పకుండా. మొత్తం పదకొండు వందల అరవై. డబ్బు ఒక్క పైసా తీయకుండా నిలవ ఉంది.

"నువ్వు కంపెనీలో చేరిన కొన్నాళ్లకే మొదులుపెట్టినాడు. ఇంట్లోకని ఉంచుకోవాల్సిన పాలు ఇవే. బిడ్డ ఏదో ఒక దినం ఆ బోల్టులు ఇడిచి ఇంగోటి చేస్తానంటాది, అప్పుడు కావల్ల అన్నాడు."

నేత్రావతి ఖాళీ క్యానుతో ఇంటికి పరుగెత్తింది. ఆయన గడపలో కూర్చుని నల్ల కాఫీ ఊదుకుంటున్నాడు.

"ముందే చెప్పేదానికేం పెద్దనాయనా?"

"చెప్పినాను గదా, నలభై లీటర్లు తక్కువని!" అని ఆయనే విసుక్కున్నాడు. "నువ్వు యాడ ఇన్నావు?"

"ఆ పదహారు వందలు శశిని అడిగి కడతాలే. టేబులుకు ఎట్లా?"

"క్యూలో పదిహేడు నడుములు ఉండాయి. తలా పదిహేను లీటర్లు. ఇంగ మూడు నడుములు దొరికితే టేబులు వచ్చేసినట్టే." భుజం పట్టుకుని మూలిగి, అనుమానంగా చూశాడు. "నా ఈ భుజానికి ఎంత తీసుకుంటావు? లీటర్లలో చెప్పు."

నేత్రావతి ఆయన వెనకాల కూర్చుని భుజం మీద బొటనవేలు ఆనించింది.

"దినానికి అర లీటరు. డెయిరీకి పోయకూడదు. కాఫీలోనే పోయల్ల, పెద్దమ్మకు కూడా."

చెన్నరాయప్ప కళ్లు మూసుకుని పెదవులు కదిలించాడు. నెలకు పదిహేను లీటర్లు.

"శానా ఎక్కువ చెప్తా ఉండావు," అన్నాడు. లోపల హనుమక్క అప్పటికే పాలు పొయ్యి మీద పెట్టేసింది.